ప్లాచిమడ బావులు

బాటసారుల దాహం తీర్చే పందిరిని సంస్కృతం ప్రప అన్నది, తెలుగు చలివేంద్రమన్నది. చెరువు త్రవ్వించడాన్ని మన పెద్దలు సప్తసంతానాలలో ఒకటిగా లెక్కించారు. నీరు పదిమందిదన్న భావన ఈ మాటల వెనుక ఉన్నది. ఆ నీటినే సీసాలకెత్తి అమ్మితే ఒక పల్లె ఏమైనదో, ఆ సీసాలు కొన్నవారి బాధ్యత ఎంతటిదో తెలిపే చరిత్ర పొరుగున కేరళలో జరిగింది.

పాలక్కాడు జిల్లా చిత్తూరు తాలూకా (మన చిత్తూరు కాదు) పెరుమాట్టి పంచాయతీలోని కుగ్రామం ప్లాచిమడ. కనుమల చాటున ఉండడంచేత కేరళలోని ఇతర ప్రాంతాలంత వర్షం అక్కడ పడదు. 2000లో హిందుస్థాన్ కోకాకోలా సంస్థ అక్కడ సుమారు 34 ఎకరాలలో కర్మాగారం స్థాపించింది. అనుమతి ఇచ్చినది పంచాయతీయే. గొట్టపు బావులతో దినమునకు లక్షల లీటర్లు తోడసాగారు. రెండేళ్లు తిరిగేసరికి చుట్టుపట్ల బావులు అడుగంటాయి. ఉన్న నీరు నోట పెట్టరానిదైనదని, వండిన అన్నం చెడిపోతున్నదని స్త్రీలు మొరపెట్టుకున్నారు. కొరతకు అనావృష్టియే కారణమని సంస్థ వాదించింది. ఎరువుగా రైతులకిచ్చిన కర్మాగారపు మడ్డిని 2003లో బి.బి.సి. రేడియో పరీక్ష చేయించగా అందులో సీసము, కాడ్మియము ఉన్నట్లు తేలింది.

2002 ఏప్రిల్ 22న కర్మాగారం ఎదుట పాక వేసుకొని ఊరివారు నిరసనకు కూర్చున్నారు. వారికి ముందు నిలిచినది ఎరవాలర్ గిరిజన స్త్రీ మయిలమ్మ. బిందెడు నీటికై దూరం నడవవలసి వచ్చిన గృహిణి వేదన ఆమెను నాయకురాలిని చేసింది. 2003 ఏప్రిల్‌లో పంచాయతీ అనుమతిని పొడిగించ నిరాకరించింది. అదే ఏడు డిసెంబరు 16న కేరళ హైకోర్టు న్యాయమూర్తి బాలకృష్ణన్ నాయర్ భూగర్భజలం ప్రజల సొత్తనీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమేననీ తీర్పు చెప్పారు. 2004 మార్చిలో కర్మాగారం ఆగింది. 2005లో ద్విసభ్య ధర్మాసనం దినమునకు 5 లక్షల లీటర్లు తోడుకొనవచ్చునన్నది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడ ఉత్పత్తిని తిరిగి ప్రారంభించే ఉద్దేశం లేదని 2017లో సంస్థ న్యాయస్థానానికి తెలిపింది. ఆ మాట వినడానికి మయిలమ్మ లేరు. 2007 జనవరిలోనే ఆమె కన్నుమూశారు.

ఈ కథలో నన్ను కలవరపెట్టే ఘట్టం వేరొకటున్నది. 2003 ఆగస్టులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం పన్నెండు శీతల పానీయాలలో పురుగుమందుల అవశేషాలున్నవని ప్రకటించింది. దేశం ఉలిక్కిపడింది. పార్లమెంటు భోజనశాలలో ఆ సీసాలు కనబడకుండా పోయాయి. సంయుక్త పార్లమెంటరీ సంఘం ఏర్పడి, మరుసటి ఏడు ఆ పరీక్షా ఫలితాలను సమర్థించింది. మంచిదే. కాని అప్పటికి ఏడాదికి పైగా ప్లాచిమడ స్త్రీలు ఎండలో కూర్చొనియే ఉన్నారు. మన కడుపులోకి విషం వచ్చినదనగానే సీసాను వదిలినవారము, పరుల బావి ఎండినదంటే వదలలేదు. మొదటిది భయం, రెండవది ధర్మం. ఈ రెంటినీ ఒకటిగా భావించరాదు.

రెండవ దానికీ ఉదాహరణలు లేకపోలేదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం విద్యార్థుల ఫిర్యాదుపై 2006 ఆరంభంలో కోకాకోలా కొనుగోళ్లు నిలిపివేసింది. భారతదేశంలోని కర్మాగారాలపై స్వతంత్ర పరిశీలనకు సంస్థ ఒప్పుకొనగా, కొన్ని నెలలకే కొనుగోళ్లను పునరుద్ధరించింది. 2008లో వెలువడిన ఆ పరిశీలన రాజస్థాన్‌లోని కాలాడేరాలో కర్మాగారాన్ని తరలించడమో మూసివేయడమో కూడ ఆలోచించవలసిన మార్గాలలో చేర్చింది. కొనేవాడు అడిగితే అమ్మేవాడు జవాబు చెప్పవలసి వస్తుందనుటకు ఇది తార్కాణం.

అయితే సీసా మానినంత మాత్రాన బావి నిండదు. కేరళ ప్రభుత్వం నియమించిన సంఘం 2010లో ప్లాచిమడ నష్టాన్ని 216 కోట్ల రూపాయలకు పైగా అంచనా వేసింది. పరిహార న్యాయస్థానం కోసం 2011లో శాసనసభ ఆమోదించిన బిల్లు రాష్ట్రపతి సమ్మతి పొందకయే తిరిగివచ్చింది.

కావున కొనడం, మానడం మన చేతిలోని తొలి అడుగు మాత్రమే. వేసవిలో సీసా చేతికందినపుడు ఇందులోని నీరు ఎవరి ఊరిదని ఒక్కసారి అడగడం నేర్చుకుందాం. చలివేంద్రంలో నీళ్లు త్రాగినవాడు పోసిన చేతికి నమస్కరించేవాడు. సీసా ఆ చేతిని మన కంటికి కనబడకుండా చేసింది.