పోషకాహార పట్టభద్ర పాఠ్యక్రమం: నాంపల్లి, ఆబిడ్స్ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పోషకాహారం, పథ్యాహారశాస్త్రం ప్రధానాంశాలుగా బి.ఎస్సీ. చదివే విద్యార్థి పాఠ్యక్రమంలో మొదటి చూపుకు పొంతన లేని విషయాలు పక్కపక్కనే కనిపిస్తాయి. కర్బన రసాయనశాస్త్రం, మానవ శరీరధర్మశాస్త్రం, జీవరసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం ఒక వైపు. వంటశాల నిర్వహణ, కుటుంబ ఆహార ప్రణాళిక, సామాజిక పోషణ మరో వైపు. ఈ కూర్పు ఒకేసారి రూపొందినది కాదు. గృహవిజ్ఞానం, ప్రయోగశాల, ఆసుపత్రి, చట్టం అనే నాలుగు పొరలు వేర్వేరు కాలాల్లో ఒకదానిపై ఒకటి చేరగా ఏర్పడినది. ఆ పొరలను హైదరాబాదు నగరంలోని నాంపల్లి, ఆబిడ్స్ పరిసరాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గృహవిజ్ఞానం

తెలుగువారికి 'పథ్యం' కొత్త మాట కాదు. జ్వరం వచ్చినవారికి, బాలింతకు ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో ఇంటి పెద్దలే నిర్ణయించేవారు. ఈ జ్ఞానం స్త్రీలది. అయితే అది తరగతి గదిలోకి రావాలంటే ముందు స్త్రీలు తరగతి గదిలోకి రావాలి. నిజాం రాజ్యంలో స్త్రీల ఉన్నత విద్యకు నాంపల్లి తొలి కేంద్రాలలో ఒకటి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల 1924లో ఆరంభమై, 1949లో కోఠీలోని పూర్వపు బ్రిటిష్ రెసిడెన్సీ భవనానికి మారింది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలోని సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం ఇదే వరుసలో తరువాత వచ్చిన సంస్థ. ఏటా నుమాయిష్ జరిపే ఎగ్జిబిషన్ సొసైటీ దీనిని నడుపుతోంది.

భారతదేశంలో ఆహారవిద్య ఎక్కువగా మహిళా కళాశాలల గృహవిజ్ఞాన విభాగాల ద్వారానే ప్రవేశించింది. 1932లో ఢిల్లీలో స్థాపితమైన లేడీ ఇర్విన్ కళాశాల ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఈ పుట్టుక వల్ల ఒక మేలు, ఒక కీడు కలిగాయి. కుటుంబం, బడ్జెట్, వంట అనే నిత్యజీవిత దృష్టి పాఠ్యక్రమానికి దక్కింది. అదే సమయంలో ఇది 'ఆడపిల్లల చదువు' అన్న ముద్ర పడి, శాస్త్రంగా దానికి దక్కవలసిన గౌరవం ఆలస్యమైంది.

ప్రయోగశాల

రెండవ పొర దక్షిణాదినే మొదలైంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి వ్యాధిపై చిన్న పరిశోధన విభాగం ఏర్పడింది. అంతకు ముందు సంవత్సరమే, మొదటి ప్రపంచయుద్ధ కాలపు ఆహార కొరత నడుమ అమెరికాలో ఆహార నిపుణుల జాతీయ సంఘం ఏర్పడింది. కూనూరు సంస్థకు తరువాత సంచాలకుడైన వాలెస్ ఐక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారపదార్థాల పోషక విలువల పట్టికలను వెలువరించాడు. ఇడ్లీలోనో రాగి సంకటిలోనో మాంసకృత్తులు ఎన్ని గ్రాములో లెక్కగట్టే ప్రాక్టికల్ తరగతికి మూలం ఆ పట్టికలే. వాటి వారసురాలిగా 2017లో వెలువడిన భారతీయ ఆహార సంఘటన పట్టికలు 528 ఆహారాల విశ్లేషణను అందించాయి.

ఆ సంస్థ 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. ఈ రాకతో నగరపు పాఠ్యక్రమానికి స్థానిక సమస్యలు లభించాయి. పెల్లాగ్రా ఇందుకు చక్కని ఉదాహరణ. ప్రపంచంలో ఇతర చోట్ల ఆ వ్యాధి మొక్కజొన్న తినేవారిలో కనిపించగా, దక్కను పీఠభూమిలో జొన్న ప్రధానాహారంగా గల పేదలలో కనిపించింది. జొన్నలో ల్యూసిన్ అధికంగా ఉండడమే దీనికి కారణం కావచ్చునని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియ 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనపై తరువాత వాదోపవాదాలు జరిగాయి. అయినా జీవరసాయనశాస్త్రం ఎందుకు చదవాలో విద్యార్థికి ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ అరుదు. నేడు జొన్నరొట్టె ఆరోగ్యాహారంగా తిరిగి ఆదరణ పొందుతున్నది. ఒకే ధాన్యంపై బతకవలసి వచ్చినవాడి జొన్న వేరు, పప్పు, పాలు, కూరలతో కలిపి తినేవాడి జొన్న వేరు. తిండిని మంచి, చెడు అని విభజించక, మొత్తం భోజనాన్నీ తినేవాడి స్థితినీ చూడాలన్నది ఈ చరిత్ర నేర్పే పాఠం.

ఆసుపత్రి

మూడవ పొరకు నాంపల్లి పరిసరాలే సాక్ష్యం. నాంపల్లిని ఆనుకొని ఉన్న రెడ్‌హిల్స్‌లో 1953లో నీలోఫర్ ఆసుపత్రి వెలసింది. ఆబిడ్స్ సమీపాన 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ ఉంది. ఏడవ నిజాం రెండవ కుమారుడు మొజంజా పేరు మార్కెట్‌కు, ఆయన భార్య నీలోఫర్ పేరు ఆసుపత్రికి నిలిచాయి. మార్కెట్‌లో దొరికే తిండి, వార్డులో పడుకున్న బిడ్డ: ఈ రెంటి మధ్య సంబంధాన్ని వివరించేదే పథ్యాహారశాస్త్రం.

పాఠ్యక్రమంలో చికిత్సాహారం చివరి సంవత్సరాలలో వస్తుంది. ఇందుకు కారణం ఉంది. మూత్రపిండాల పనితీరు తెలియనివారు ఆ రోగికి పొటాషియం ఎంత ఇవ్వాలో చెప్పలేరు. ఇన్సులిన్ చర్య తెలియనివారు మధుమేహికి పూటపూటకూ పిండిపదార్థాలను పంచలేరు. కనుక రసాయనశాస్త్రం నుండి శరీరధర్మం, అక్కడి నుండి జీవరసాయనం, ఆపై చికిత్సాహారం అనే క్రమం తప్పనిసరి. సామాజిక పోషణ దీనిని ఇంటి వరకు తీసుకువెళుతుంది. బాలింతకు కూరగాయలు, నీళ్లు తగ్గించే పథ్యపు ఆచారాన్ని తల్లి మనసు నొప్పించకుండా మార్చగలగడం ఆ పాఠానికి అసలు పరీక్ష.

చట్టం

1963లో భారతీయ ఆహార నిపుణుల సంఘం ఏర్పడినా, చాలాకాలం ఎవరైనా తమను ఆహార నిపుణులుగా చెప్పుకొనే వీలుండేది. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్యరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఆహార నిపుణులను, పోషకాహార నిపుణులను తన షెడ్యూలులో చేర్చింది. ఆరోగ్యరక్షణ వృత్తినిపుణుల పట్టాకు మూడు నుండి ఆరేళ్ల కాలంలో కనీసం 3,600 గంటల శిక్షణ ఉండాలని నిర్దేశించింది. ఈ వృత్తికి జాతీయ స్థాయి పాఠ్యప్రణాళిక 2025లో విడుదలైంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఉస్మానియా పరిధిలో 2016-17 నుండి అమలైన ఐచ్ఛిక క్రెడిట్ విధానంలో పోషకాహారాన్ని మరికొన్ని విజ్ఞానశాస్త్రాలతో జతచేసి చదివే వీలుంది. ఆ కలయిక విద్యార్థికి విస్తృతిని ఇస్తుంది. వార్డులో గడపవలసిన గంటలను మాత్రం దానంతట అది ఇవ్వదు. పట్టా చేతికి వచ్చాక వృత్తిలో గుర్తింపు దొరకకపోతే ఆ భారం ఎక్కువగా మహిళా కళాశాలల విద్యార్థినులపైనే పడుతుంది.

ముగింపు

గృహవిజ్ఞానం నిత్యజీవిత దృష్టిని, ప్రయోగశాల కొలతను, ఆసుపత్రి బాధ్యతను, చట్టం జవాబుదారీతనాన్ని ఈ పాఠ్యక్రమానికి ఇచ్చాయి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా చదువు అసంపూర్ణమే. కళాశాల, మార్కెట్, పిల్లల ఆసుపత్రి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతంలో ఈ నాలుగింటినీ కలపడానికి కావలసిన వనరులున్నాయి. కళాశాలలకు, ఆసుపత్రులకు మధ్య శిక్షణ ఒప్పందాలు, తెలుగులో ప్రామాణిక పాఠ్యగ్రంథాలు సమకూరితే, ఒకప్పుడు ఇంటి పెద్దల నోట ఉన్న పథ్యజ్ఞానం శాస్త్రంగా మారి తిరిగి ఇంటికి చేరుతుంది.