లంగరు: ఓడ నుంచి దవడ దాకా

హుస్నాబాద్ పేరు చివరి 'ఆబాద్' లాగే 'లంగరు' కూడా పారసీకం నుంచి వచ్చిన మాటే. ఓడను కదలనివ్వని ఇనుప కొక్కెం లంగరు; ఏనుగు గొలుసునూ అలాగే అన్నారు. యువరాజు అబ్దుల్లా కుతుబ్‌షాను ఎక్కించుకున్న ఏనుగు అదుపు తప్పి పారిపోతే, కొడుకు క్షేమంగా తిరిగొస్తే బంగారు లంగరు చేయిస్తానని తల్లి హయాత్ బక్షీ బేగం మొక్కుకున్నదట. హైదరాబాద్ మొహర్రంలో లంగరు ఊరేగింపు అలా మొదలైందని చెబుతారు.

ఇప్పుడీ మాట పళ్ల వైద్యానికి చక్కగా సరిపోతుంది.

ఎత్తుపళ్లను వెనక్కి లాగాలంటే దేన్నో ఒకదాన్ని పట్టు చేసుకోవాలి. మామూలుగా ఆ పట్టు దవడపళ్లే. కానీ లాగే బలానికి అవీ ముందుకు జరుగుతాయి, పన్ను పీకించి సంపాదించిన ఖాళీ కాస్తా తగ్గిపోతుంది. అందుకే పళ్ల వేళ్ల సందున, ఎముకలోకి చిన్న టైటానియం స్క్రూ బిగిస్తారు. మందం సుమారు 1.5 మిల్లీమీటర్లు. పైకి కనిపించేది తల మాత్రమే. దానికి స్ప్రింగు తగిలించి ముందుపళ్లను లాగుతారు. పనయ్యాక విప్పేస్తారు.

1983లోనే క్రీక్‌మోర్, ఎక్లండ్ అనే వైద్యులు ముక్కు కింది ఎముకలో ఇలాంటి స్క్రూ వేసి పై ముందుపళ్లను పైకి జరిపారు. 1997లో జపాన్ వైద్యుడు కనోమి 1.2 మిల్లీమీటర్ల స్క్రూ వాడి చూపాడు.

హుస్నాబాద్ నుంచి కరీంనగర్‌కో సిద్దిపేటకో క్లిప్పుల కోసం వెళ్లే పిల్లల తల్లిదండ్రులు 'స్క్రూ' అనగానే జంకుతారు. 'లంగరు' అంటే దాని పనేమిటో వెంటనే తెలుస్తుంది. దాని చుట్టూ రోజూ మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయాలి. చిగురు వాస్తే స్క్రూ వదులయ్యే ప్రమాదం ఉంది.