ఏ ట్రాకర్ వాడాలి? జవాబు చరిత్రలో ఉంది

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే: "అన్నా, వీఎఫ్ఎక్స్ నేర్చుకుంటున్నా. ట్రాకింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" పేరు చెప్పడం ఈజీ. కానీ ఆ పేరు ఐదేళ్ళ తర్వాత పనికొస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకే ఇవాళ కాస్త వెనక్కి వెళ్దాం.

ముందు ట్రాకింగ్ అంటే ఏంటి? ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు నడుస్తూ ఫోన్‌లో వీడియో తీశారనుకోండి. ఆ బిల్డింగ్ మీద ఒక డ్రాగన్‌ని కూర్చోబెట్టాలి. బొమ్మ అతికిస్తే మొదటి ఫ్రేములో బాగానే ఉంటుంది. మీరు రెండడుగులు వేయగానే కాలేజీ ఒక పక్కకి, డ్రాగన్ ఇంకో పక్కకి పోతాయి. ఫ్రేము ఫ్రేముకీ కదలిక ఎంతో కనిపెట్టి, అదే కదలికని బొమ్మకి కూడా ఇవ్వాలి. అదే ట్రాకింగ్.

మన పాత సినిమా వాళ్ళు దీనికి ఒకటే మందు వేశారు: కెమెరాని కదపొద్దు. 1957లో 'మాయాబజార్'కి మార్కస్ బార్ట్‌లీ, 1961లో 'సీతారామ కల్యాణం'కి రవికాంత్ నగాయిచ్ పనిచేశారు. రావణుడి పది తలల కోసం నగాయిచ్ ఫ్రేములో కొంత భాగం మూసి షూట్ చేసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, ఇంకో భాగం తెరిచి మళ్ళీ షూట్ చేశారు. ఎన్టీఆర్ కదలకూడదు, కెమెరా అసలే కదలకూడదు. ట్రైపాడ్ వెంట్రుకవాసి జరిగినా అప్పటిదాకా చేసిందంతా వృథా. పాత ట్రిక్ షాట్లు చాలావరకు నిలకడగా ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమైందా?

1977లో 'స్టార్ వార్స్' టీమ్ ఇంకో దారి పట్టింది. డైక్‌స్ట్రాఫ్లెక్స్ అనే కంప్యూటర్ కంట్రోల్ కెమెరా తయారుచేశారు. ఒకసారి తిరిగిన దారిలోనే అది మళ్ళీ మళ్ళీ అచ్చం అలాగే తిరుగుతుంది. అయితే ఇలాంటి యంత్రం పెద్ద బడ్జెట్ ఉన్నవాళ్ళకే.

అసలు మలుపు 1981లో వచ్చింది, అదీ సినిమా వాళ్ళ వల్ల కాదు. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన లూకాస్, కనాడే ఒక పద్ధతి చెప్పారు: ఒక ఫొటోలోని చిన్న ముక్క ఇంకో ఫొటోలో ఎక్కడికి జరిగిందో లెక్కగట్టడం. అదే ఏడాది బ్రిటన్‌లో లాంగెట్-హిగిన్స్ అనే శాస్త్రవేత్త, ఒకే దృశ్యం రెండు ఫొటోలుంటే చాలు, కెమెరా ఎటు కదిలిందో, ఏ వస్తువు దగ్గరో ఏది దూరమో తేల్చొచ్చని చూపించాడు. ఇవాళ్టి ట్రాకర్ల పునాదుల్లో ఈ రెండు లెక్కలూ ఉన్నాయి.

రెండో లెక్క మూలం మనకి కొత్త కాదు. రెండు చోట్ల నుంచి ఒకే గుర్తుని చూసి, కోణాలు కొలిచి దూరం చెప్పడం సర్వే వాళ్ళ పాత విద్య. 1818లో ఇక్కడ నిజాం రాజ్యంలో సర్వే చేస్తున్న లాంబ్టన్ దగ్గరికి అసిస్టెంటుగా వచ్చినాయనే జార్జ్ ఎవరెస్ట్. తార్నాక నుంచి హబ్సిగూడ దాటితే వచ్చే ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఇప్పటికీ ఉంది. వాళ్ళు కొండలకి, గుట్టలకి చేసిన పనినే త్రీడీ ట్రాకర్ కిటికీ మూలలకి చేస్తుంది.

తర్వాత సాఫ్ట్‌వేర్లు వరసగా వచ్చాయి. జర్మనీ నుంచి త్రీడీ ఈక్వలైజర్. ఆక్స్‌ఫర్డ్ పరిశోధన నుంచి బూజూ. మాంచెస్టర్ యూనివర్సిటీలో పుట్టిన ఇకారస్ నుంచి పీఎఫ్‌ట్రాక్. 2003లో తక్కువ ధరకి సింథ్‌ఐస్. బోర్డులు, స్క్రీన్ల లాంటి చదును ఉపరితలాల కోసం మోకా. 2011 చివర్లో బ్లెండర్ ట్రాకింగ్‌ని ఉచితంగా ఇచ్చేసింది. మరుసటి ఏడాదే మన హైదరాబాద్ మకుట స్టూడియో గ్రాఫిక్స్‌తో 'ఈగ' వచ్చి జాతీయ అవార్డు తెచ్చింది.

సరే, మరి దేన్ని ఎంచుకోవాలి? తార్నాక చౌరస్తాకి రండి, మూడు షాట్లు తీద్దాం.

ఒకటి. ఆగి ఉన్న స్కూటర్ హెడ్‌లైట్‌లో మంట పెట్టాలి. పాయింట్ ట్రాకింగ్ చాలు. ఒక పాయింట్ జరగడం చెప్తుంది. రెండు పాయింట్లు పెడితే తిరగడం, సైజు మారడం కూడా తెలుస్తాయి.

రెండు. షాపు బోర్డు మీద పేరు మార్చాలి. బోర్డు చదునుగా ఉంది కాబట్టి ప్లేనార్ ట్రాకింగ్, అంటే మోకా లాంటిది. మధ్యలో ఎవరైనా అడ్డం నడిస్తే వాళ్ళని మాస్క్ చేసి పక్కన పెట్టండి.

మూడు. మొదట చెప్పిన డ్రాగన్ షాట్. ఇక్కడ త్రీడీ కెమెరా ట్రాకింగ్ కావాలి. బ్లెండర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్, న్యూక్‌ఎక్స్ మూడూ చేస్తాయి. కానీ దగ్గరి స్తంభం వేగంగా, దూరపు బిల్డింగ్ నెమ్మదిగా కదలాలి. ఒకే చోట నిలబడి ఫోన్ తిప్పితే ఆ తేడా రాదు, దూరాలు తేలవు. ఫోన్‌లో స్టెబిలైజేషన్ ఆపండి, జూమ్ ముట్టుకోకండి. ఆటోలు, మెట్రో రైలు, ఊగే ఆకుల మీద పడ్డ పాయింట్లు తీసేయండి. అవి వాటంతట అవి కదులుతాయి, కెమెరా గురించి అబద్ధం చెప్తాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అప్పుచేసి మరీ ఒకే సాఫ్ట్‌వేర్ పేరున్న కోర్సుల్లో చేరేవాళ్ళున్నారు. బూజూ ఒకప్పుడు ఎమ్మీ అందుకుంది, ఇవాళ ఆ పేరు విన్న కుర్రాళ్ళే తక్కువ. హైదరాబాద్‌లో కూడా స్టూడియో నడిపిన రిథమ్ అండ్ హ్యూస్ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో వాళ్ళు పనిచేసిన 'లైఫ్ ఆఫ్ పై'కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. కంపెనీలు పోతాయి, టూల్స్ మారతాయి. 1981 నాటి లెక్క మాత్రం అలాగే ఉంది. దాన్ని అర్థం చేసుకున్నవాడికి కొత్త టూల్ నేర్చుకోవడం పెద్ద పనేం కాదు.

ఈ వారం మీకో పని. గ్యాలరీలో ఏదో ఒక క్లిప్ తీసుకోండి. ఏ సాఫ్ట్‌వేరూ తెరవకముందే కాగితం మీద మూడు జవాబులు రాయండి: కదిలేది కెమెరానా, వస్తువా? బొమ్మ పెట్టే చోటు చదునుగా ఉందా? దగ్గర, దూరం తేడా కనిపిస్తోందా? టూల్ పేరు ఆ కాగితమే చెప్తుంది. మళ్ళీ కలుద్దాం.