వెరసి ఎంత?

"ఈ నెల మొత్తం ఎంతైంది?" అనే ప్రశ్న మన ఇళ్లలోనే పుట్టిందనిపిస్తుంది కానీ, దాని వయసు ఐదు వేల ఏళ్లు. ఇప్పటి ఇరాక్‌లోని ఉరుక్‌లో దొరికిన మట్టి పలకలే చూడండి. ధాన్యం, గొర్రెలు, బీరు లెక్కలు ముందువైపు గళ్లలో రాసి, చాలా పలకల్లో కూడిక వెనకవైపు వేశారు. మనిషి రాత మొదలైంది పద్యం కోసం కాదట, పద్దు కోసం! తెలుగు బీఏ చదివిన నాకు ఈ సంగతి కొంచెం చివుక్కుమంది.

నాకు మరీ నచ్చింది క్రీటు దీవి ముచ్చట. అక్కడ దాదాపు మూడున్నర వేల ఏళ్ల నాటి పలకల మీద 'లీనియర్ ఎ' అనే లిపి ఉంది. ఆ భాష ఏమిటో ఇప్పటికీ తేలలేదు. అయినా జాబితాల చివర వచ్చే 'కురో' అంటే మొత్తం అని పండితులు పట్టేశారు. పక్కనున్న అంకె పైవాటి కూడికకు సరిపోతోంది కదా! అన్నిచోట్లా సరిపోదనుకోండి, లెక్క తప్పిన పలకలూ ఉన్నాయి. కురోల తర్వాత వచ్చే పెద్ద మొత్తం 'పొతోకురో'. భాషంతా పోయి, మొత్తమూ ఉపమొత్తమూ మిగిలాయన్నమాట.

మన పాత లెక్కల్లో ఆ మాట 'వెరసి'. మా అత్తగారి పద్దుల పుస్తకంలో పాలకో వెరసి, పచారీకో వెరసి, బడి ఫీజులకో వెరసి ఉండేవి. మావయ్యగారు అడిగేది చివరి అంకె ఒక్కటే. "ఇంతా!" అన్నప్పుడు ఆవిడకు అండగా నిలిచేవి మధ్యలోని చిన్న వెరసులే.

కాగితంతో చిక్కేమిటంటే, ఒక అంకె మారితే కింది మొత్తాలన్నీ కొట్టేసి మళ్లీ వేయాలి. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కు నల్లబల్ల మీది లెక్కలు చూస్తుంటే ఇదే తట్టింది. ఒకటి మారిస్తే మిగతావి వాటంతటవే మారే పలక ఉంటేనో? స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ ప్రోగ్రాం రాశాడు. 1979లో యాపిల్ 2 కంప్యూటర్ మీద విసికాల్క్ వచ్చింది. 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ దాని బాటలోనే వచ్చాయి.

ఎక్సెల్‌లో ఇంటి లెక్క రాసేవారికి ఒక్క మాట. పద్దులతో పాటు మధ్య మొత్తాలనూ కలిపి 'సమ్' వేస్తే ఖర్చు రెట్టింపు కనిపిస్తుంది. కొంపలో గొడవకు అది చాలు! మధ్య మొత్తాలకూ, చివరి మొత్తానికీ 'సబ్‌టోటల్' వాడి, బ్రాకెట్‌లో ముందు 9 పెట్టి, కామా తర్వాత గళ్లు ఇవ్వండి. 9 అంటే కూడిక. తనలాంటి ఉపమొత్తాలను అది వదిలేసి, అసలు పద్దులనే కూడుతుంది.

అత్తగారి పుస్తకాలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. అందులో అందరి పేరా వెరసి ఉంది, ఆవిడ పేరన లేదు. ఆవిడ కళ్లజోడు చిల్లర ఖర్చుల్లో, చీర పండగ ఖర్చుల్లో కలిసిపోయాయి. నా షీట్‌లో 'నాకు' అని వేరే వరస పెట్టాను. పోయిన నెల దాని ఉపమొత్తం 640 రూపాయలు.