నలభై రెండు వేల సూదులు

నవంబర్ 14 అంటే మన పిల్లలకి బాలల దినోత్సవం. బడిలో ఎర్ర గులాబీ, నెహ్రూగారి టోపీ, చేతిలో ఒక చాక్లెట్. అదే రోజు ఇంకొకరి పుట్టినరోజు కూడానని మా ఇంట్లో ఐదేళ్ల కిందటి దాకా ఎవరికీ తెలియదు. 1891లో ఆ తేదీనే కెనడాలో ఒక రైతు ఇంట ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టాడు. ఇన్సులిన్ కనిపెట్టిన వాళ్లలో ముఖ్యుడు. ప్రపంచ మధుమేహ దినం ఆ రోజున జరుపుకునేది అందుకే.

మా అమ్మాయికి పదకొండో ఏట టైప్ వన్ షుగర్ వచ్చింది. ఇప్పుడు పదహారు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఇది స్వీట్లు తింటే వచ్చేది కాదు, అమ్మ ఎక్కువ గారాబం చేస్తే వచ్చేదీ కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారి తప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడి వాటిని నాశనం చేస్తుంది. ఇక ఆ ఇన్సులిన్ బయట నుంచి ఇవ్వాల్సిందే. రోజుకి నాలుగు సూదులు, అయిదారు సార్లు వేలు గుచ్చి చూసుకోవడం. పండగ లేదు, పరీక్ష లేదు, జ్వరమొచ్చినా సెలవు లేదు. (చుట్టాల్లో ఒకావిడ ఇప్పటికీ కాకరకాయ రసం తాగించమనే చెబుతుంది. తలూపి ఊరుకుంటాను.)

సూది నొప్పిదేముంది, నాలుగు రోజులకి అలవాటవుతుంది. అలవాటు కానిది విసుగు. మొన్న వేసవిలో మా అమ్మాయి దాదాపు నెల రోజులు వేలు గుచ్చుకోవడానికి మొండికేసింది. బతిమాలితే కోపం, భయపెడితే ఇంకా కోపం. "రోజూ ఎందుకమ్మా" అనేది. డాక్టరుగారు చెప్పే కారణాలన్నీ దానికి నాకంటే బాగా తెలుసు. అప్పుడే నాకు చరిత్ర మీద గాలి మళ్లింది. ఇన్సులిన్ కథ చెప్పే చాలా పుస్తకాలు కనిపెట్టిన వాళ్ల గొప్పతో మొదలై నోబెల్ బహుమతితో ముగుస్తాయి. ఆ మర్నాడు పొద్దున్న సూది వేసుకున్న వాళ్ల గురించి, ఆ తర్వాత యాభై ఏళ్లు వేసుకున్న వాళ్ల గురించి తెలుసుకోవాలనిపించింది నాకు.

ఈ జబ్బులో రెండు రకాలున్నాయని మన సుశ్రుతుడే గమనించాడు. పుట్టుకతో వచ్చేది ఒకటి, తిండీ నడవడీ సరిగా లేక వచ్చేది ఒకటి. మొదటి రకం రోగి చిక్కిపోయి ఉంటాడని కూడా చెప్పాడు. గుర్తుపట్టారు గానీ బతికించే దారి దొరకలేదు. ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లు ప్రపంచంలో ఎవరికీ దొరకలేదు.

అమెరికాలో ఎలిజబెత్ హ్యూస్ అని ఒక అమ్మాయి ఉండేది. 1907లో పుట్టింది. తండ్రి చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ సామాన్యుడు కాదు. న్యూయార్క్ గవర్నరుగా చేశాడు, 1916లో అధ్యక్ష పదవికి పోటీ చేసి కొద్దిలో ఓడిపోయాడు, తర్వాత విదేశాంగ మంత్రి అయ్యాడు. డబ్బుకీ పలుకుబడికీ లోటు లేని ఇల్లు. 1919లో ఆ పిల్లకి షుగర్ అని తేలింది. అప్పటికి దానికి పదకొండేళ్లు. ఆ అంకె చూసి నేను కాసేపు పుస్తకం మూసేశాను.

ఆ రోజుల్లో ఈ జబ్బుకి పేరున్న డాక్టరు ఫ్రెడరిక్ అలెన్. ఆయన దగ్గరున్న వైద్యం ఒక్కటే, పస్తు. తింటే చక్కెర పేరుకుని ప్రాణం తీస్తుంది, తినకపోతే ఆకలి తీస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆకలి కొంచెం నెమ్మదిగా చంపుతుంది కాబట్టి అలెన్ దాన్ని ఎంచుకున్నాడు. ఆయన్ని తిట్టుకోబుద్ధవుతుంది గానీ ఆలోచిస్తే వేరే దారి లేదు. ఆయన ఆశ అంతా, ఈలోగా ఎవరో ఏదో కనిపెట్టకపోతారా అని.

ఎదిగే పిల్లకి మూడేళ్లపాటు చాలా రోజులు నాలుగైదు వందల కెలోరీలే. ప్రతి ముద్దా తూకం వేసి పెట్టేవారు. పిండిపదార్థం పోవడానికి కూరగాయల్ని మూడుసార్లు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి పెట్టడం ఆ వైద్యంలో మామూలు. అలా ఉడికిన కూరకి రుచేముంటుందో వంట చేసే మనకి ఒకరు చెప్పక్కర్లేదు. తూకం వేసి పెట్టింది బ్లాంచ్ బర్జెస్ అనే నర్సు. కన్నీళ్లు మింగుకుని చూస్తూ కూర్చున్నది తల్లి ఆంటొనెట్. ఈలోగా 1920లో ఎలిజబెత్ అక్క హెలెన్ చనిపోయింది. ఒక కూతురు పోయి, ఇంకో కూతురు కళ్లముందే కరిగిపోతుంటే ఆ తల్లి ఎలా నిలబడిందో.

జబ్బు బయటపడినప్పుడు ఎలిజబెత్ బరువు 75 పౌండ్లు, అంటే 34 కిలోలు. 1922 ఆగస్టు నాటికి 45 పౌండ్లు. మన లెక్కలో ఇరవై కిలోలు. అయిదడుగుల పిల్ల, ఒకటో తరగతి పిల్లంత బరువు.

ఈ మధ్యలో టొరంటోలో కథ మొదలైంది. 1921 వేసవిలో బాంటింగ్, అప్పటికింకా విద్యార్థి అయిన చార్లెస్ బెస్ట్ కలిసి, ప్రొఫెసర్ మెక్లియోడ్ ప్రయోగశాలలో కుక్కల మీద ప్రయోగాలు చేశారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటి సూది వేశారు. అది సరిగా పనిచేయలేదు, సూది వేసిన చోట చీము పట్టింది. జేమ్స్ కాలిప్ రాత్రింబగళ్లు కూర్చుని మందుని శుద్ధి చేశాక, జనవరి 23న మళ్లీ వేశారు. ఈసారి కుర్రాడి రక్తంలో చక్కెర దిగింది.

తల్లి ఆంటొనెట్ బాంటింగ్‌కి ఉత్తరం రాసింది. మందు చాలినంత లేదని మొదట్లో ఆయన ఒప్పుకోలేదు. ఆగస్టులో ఒప్పుకున్నాడు. ఆగస్టు 16న ఎలిజబెత్‌కి మొదటి ఇన్సులిన్ సూది పడింది. ఇంకో మూడు రోజుల్లో దాని పదిహేనో పుట్టినరోజు. కొద్ది వారాల్లోనే రోజుకి రెండు వేల కెలోరీలు దాటి తినడం మొదలుపెట్టింది. టొరంటో నుంచి తల్లికి రాసిన ఉత్తరాల నిండా తిండి కబుర్లే, మూడేళ్ల తర్వాత తిన్న బ్రెడ్డు ముక్కతో సహా. ఆ ఉత్తరాలు ఇప్పటికీ టొరంటో విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయట. నవంబరు చివరికి ఇంటికి వెళ్లేటప్పుడు బరువు 105 పౌండ్లు.

ఇక్కడే చాలామంది కథ ఆపేస్తారు. నాకు అసలు కథ ఇక్కడే మొదలైనట్టు అనిపిస్తుంది.

ఎందుకంటే ఆనాటి సూది ఈనాటి పెన్ను కాదు. మందు పలచన, దాంతో ఎక్కువ మోతాదు ఎక్కించాల్సి వచ్చేది. శుద్ధి చాలక వేసిన చోటల్లా గడ్డ కట్టేది. గాజు సిరంజి వాడిన ప్రతిసారీ ఉడకబెట్టాలి. సూది మొద్దుబారితే సానరాయి మీద ఇంట్లోనే నూరాలి. చక్కెర ఎంతుందో చూడ్డానికి మూత్రంలో కొన్ని చుక్కలు నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణంలో వేసి మరిగించాలి. నీలంగానే ఉంటే మంచిది, ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుక రంగుకి తిరిగితే ప్రమాదం. ఈ పని ఏళ్ల తరబడి వంటింటి పొయ్యిల మీదే జరిగింది. ఒక పొయ్యి మీద పాలు, పక్క పొయ్యి మీద పరీక్ష నాళిక. ఆ నాళిక పట్టుకుని రంగు కోసం చూసిన అమ్మలెంతమందో లెక్కేలేదు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

ఇన్సులిన్ యూరప్‌కి అంత త్వరగా చేరడం వెనక కూడా ఒక ఇల్లాలు ఉంది. డెన్మార్క్‌లో నోబెల్ బహుమతి పొందిన ఆగస్ట్ క్రోగ్ భార్య మేరీ. ఆవిడా డాక్టరే, ఆవిడకీ షుగరే. 1922లో భర్తతో అమెరికా వెళ్లినప్పుడు టొరంటో వెళ్లి చూసొద్దామని పట్టుబట్టింది ఆవిడే. ఆ ప్రయాణం ఫలితంగా 1923లో డెన్మార్క్‌లో ఇన్సులిన్ తయారీ మొదలైంది.

ఎలిజబెత్ బార్నార్డ్ కాలేజీలో చదివి 1929లో పట్టా తీసుకుంది. 1930లో విలియం గాసెట్ అనే లాయరుని పెళ్లి చేసుకుంది. ముగ్గురు పిల్లలు. అమెరికా సుప్రీంకోర్టు చరిత్ర కోసం ఒక సంస్థని నిలబెట్టింది. 1981లో, డెబ్బై మూడో ఏట పోయింది. యాభై ఎనిమిదేళ్లలో దాదాపు 42,000 సూదులు.

కానీ ఈ సంగతి బయటివాళ్లకి తెలియదు. స్నేహితుల్లో చాలామందికి కూడా తెలియదు. ఒకప్పుడు పత్రికల్లో పేరు మారుమోగిన పిల్ల, పెద్దయ్యాక ఆ మాటే ఎత్తలేదు. మైకేల్ బ్లిస్ అనే చరిత్రకారుడు ఇన్సులిన్ మీద పుస్తకం రాస్తూ వెతికితే, ఆవిడ ఇంకా బతికే ఉందని తేలింది. చనిపోవడానికి కొద్దికాలం ముందు ఆయనతో మాట్లాడింది.

ఇది చదివినప్పుడు మా అత్తయ్యగారు గుర్తొచ్చారు. మా అమ్మాయికి జబ్బని తెలిసిన వారంలోనే ఆవిడ, "బయట చెప్పకండమ్మా, రేపు పెళ్లీడుకొస్తుంది" అన్నారు. ఆవిడ భయం ఆవిడది, తప్పుపట్టను. ఎలిజబెత్‌నీ తప్పుపట్టను. జబ్బుతో గుర్తింపు పొందడం ఇష్టంలేక, మామూలు మనిషిగా బతకాలనుకుంది. అయినా దాచి ఉంచడం కూడా ఒక బరువే. పేరంటానికి వెళ్లి బాత్రూంలో తలుపేసుకుని సూది వేసుకునే అమ్మాయిలు మనలో ఎంతమంది ఉన్నారో. అందరిలో కూర్చుని వేసుకోలేని సూది ఏదో ఒకరోజు తప్పిపోతుంది. మా అమ్మాయి పెళ్లి భోజనాల బల్ల దగ్గరే పెన్ను తీస్తుంది. పక్కవాళ్లు చూస్తే చూడనీ.

దాచుకోని వాళ్లలో నాకు బాగా నచ్చిన మనిషి ఈవా సాక్స్‌ల్. ప్రాగ్ నగరపు యూదు అమ్మాయి. హిట్లర్ బారి నుంచి తప్పించుకుని భర్త విక్టర్‌తో షాంఘై చేరింది. అక్కడికి వెళ్లాక షుగర్ అని తెలిసింది. 1941 డిసెంబరు తర్వాత జపాను వాళ్లు నగరాన్ని పూర్తిగా ఆక్రమించారు. మందుల షాపులు మూతపడ్డాయి. దొంగబజారులో దొరికే ఇన్సులిన్‌ని నమ్మడానికి లేదు. విక్టర్ బట్టల మిల్లుల ఇంజనీరు, వైద్యం తెలియదు. ఒక వైద్య పుస్తకంలో టొరంటో వాళ్ల పద్ధతి ఉంటే, అది చదివి ఇద్దరూ ఇన్సులిన్ తయారుచేయడానికి కూర్చున్నారు. దేని నుంచి అనుకున్నారు? గేదెల క్లోమం నుంచి! గోధుమరంగులో వచ్చిన ఆ మందుని ముందు కుందేళ్ల మీద చూశారు. ఆ తర్వాత మనుషుల్లో మొదట ఎక్కించుకున్నది ఈవాయే. అది పనిచేసింది. యుద్ధం అయ్యేదాకా వందల మంది దాంతో బతికారు. తర్వాత అమెరికా వెళ్లి ఊరూరా తన జబ్బు గురించి మాట్లాడింది. 2002 దాకా జీవించింది.

గేదె సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయి చాలా రోజుల తర్వాత పకపకా నవ్వింది. పాలు పోసే ఆయన వస్తే గేదెకి థాంక్స్ చెప్పమంది.

"రోజూ ఎందుకు" అన్నదానికి సరైన జవాబు మాత్రం 1993లో వచ్చింది. అంతవరకు చక్కెరని గట్టిగా అదుపులో పెడితే నిజంగా లాభమేనా అని డాక్టర్లలోనే వాదన ఉండేది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది ముందుకొచ్చి పరిశోధనకి ఒప్పుకున్నారు. సగం మంది అప్పటి మామూలు పద్ధతిలో రోజుకి ఒకటి రెండు సూదులు, మిగతావాళ్లు మూడు నాలుగు సూదులో పంపో వాడి, రోజుకి నాలుగైనా పరీక్షలు చేసుకుంటూ ఏళ్ల తరబడి గడిపారు. రెండో జట్టులో కంటిజబ్బు వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది, నరాలదీ కిడ్నీదీ సగానికి పైన తగ్గింది. మా అమ్మాయి ఈ రోజు వేసుకునే నాలుగు సూదుల వెనక ఆ 1,441 మంది విసుక్కుంటూ గుచ్చుకున్న వేళ్లున్నాయి.

అలా ఇంట్లోనే గుచ్చుకోవడానికి ముందు దారి చూపిన వాళ్లలో ఒకరు రిచర్డ్ బెర్న్‌స్టైన్. ఇంజనీరు, పన్నెండో ఏట జబ్బు. 1969లో రక్తపు చుక్కతో చక్కెర చెప్పే యంత్రం వచ్చిందని చూశాడు. డాక్టర్లకే అమ్ముతామన్నారు. ఆయన భార్య డాక్టరు కాబట్టి ఆవిడ పేరు మీద కొనుక్కున్నాడు. చూశారా, ఇక్కడా ఒక ఇల్లాలే.

ఇంత చదివాక మా ఇంట్లో ఏం మారిందంటే పెద్దగా ఏమీ లేదు. నేను అంకె అడగడం మానేశాను. పొద్దున్న లేవగానే "ఎంతుంది" అనే బదులు "టిఫిన్ ఏం కావాలి" అంటున్నాను. అంకె ఎక్కువొస్తే "ఏం తిన్నావ్" అనను. వారానికోసారి, ఆదివారం మధ్యాహ్నం, మీటరులో అంకెలన్నీ ఇద్దరం కూర్చుని చూస్తాం. నెలలో రెండు రోజులు ఆ పనంతా వాళ్ల నాన్నదే. గుచ్చడం, లెక్కపెట్టడం, సూది పెట్టడం అన్నీ. ఆ రెండు రోజులు దానికి ఆ ఆలోచనే ఉండదు. సూది మానడానికి వీల్లేదు గానీ, మోయడం మారొచ్చు కదా. మోతాదుల సంగతి మాత్రం డాక్టరుగారిదే, అందులో వేలు పెట్టను.

నలభై రెండు వేల అంకె విన్న రోజున మా అమ్మాయి కాగితం తీసి లెక్క వేసింది. రోజుకి నాలుగు, ఐదేళ్లు, ఏడు వేల మూడు వందలు. "ఇదే లెక్కన ఇంకో ఇరవై నాలుగేళ్లలో ఆవిణ్ణి దాటేస్తానమ్మా" అంది. ఒక్క నిమిషం ఆగి, "ఈలోపు పంప్ పెట్టుకుంటే లెక్క ఆగిపోతుందేమో" అని, ఫ్రిజ్ తలుపులోంచి రాత్రి పెన్ను తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది.