ఒకే బల్ల కోసం 28 ఏళ్లు

నెల్లూరులో బాప్టిస్టు, గుంటూరులో లూథరన్, మచిలీపట్నంలో ఆంగ్లికన్, మెదక్‌లో మెథడిస్టు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెలుగు క్రైస్తవుడు ఏ శాఖవాడో చాలావరకు అతని ఊరే తేల్చేది. మిషన్లు జిల్లాలు పంచుకున్నాయి మరి! ఐరోపాలో వందల ఏళ్ల కిందటి తగాదాలు వాటి పేరైనా వినని కూలీల ఇళ్లకు అలా చేరాయి. ఒక శాఖలో పెరిగిన పిల్ల పక్క జిల్లాకు కోడలిగా వెళితే, అక్కడి ప్రభువు బల్ల దగ్గర తనకు చోటుంటుందన్న భరోసా లేదు. క్రీస్తు శరీరం ఒక్కటేనని ప్రసంగించే సంఘాలకు ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది?

ఈ బాధను దగ్గరనుంచి చూసినవాడు వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి తమిళుడు. దోర్నకల్ ప్రాంతానికి సువార్త పనికి వచ్చి, 1912లో అక్కడే బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే.

1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సంఘ నాయకులు కూడారు. అజరయ్యతో పాటు వారిలో ఎక్కువమంది భారతీయులే. 1706లో తొలి ప్రొటెస్టెంట్ మిషనరీలు దిగిన రేవు అది. ఈ చీలికలు మేం తెచ్చుకున్నవి కావు, బయటినుంచి మా నెత్తిన పడ్డవి అని అక్కడ తేల్చి చెప్పారు.

మాట అనడం తేలిక. ఆ తర్వాత సంఘాలు ఒకటయ్యే చర్చ ఏళ్లూ పూళ్లూ బిషప్పు దగ్గరే ఆగింది. బిషప్పు చేతులుంచకుండా అభిషేకం ఎలా చెల్లుతుందని ఆంగ్లికన్లు. మా కాపరుల సేవను దేవుడు ఇన్నాళ్లూ దీవించలేదా, మళ్లీ అభిషేకమెందుకని తక్కినవారు. ఇద్దరి ప్రశ్నలోనూ నిజాయితీ ఉంది. చివరికి కుదిరిన దారి ఇది: ఇప్పటికే ఉన్న కాపరులను ఉన్నట్టే అంగీకరించాలి, ఇకపై అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగా జరగాలి. మనస్సాక్షి ఒప్పని ఏర్పాటును ఏ స్థానిక సంఘం మీదా తెలిసి తెలిసి రుద్దబోమని మాట కూడా ఇచ్చుకున్నారు. మొత్తం ఒప్పందంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ మాటే. పల్లెలో పదిమంది కూడే చిన్న సంఘానికీ సంపూర్ణ సంఘమన్న గౌరవం అందులో ఉంది.

అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే 1908లో ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. అందరూ సి.ఎస్.ఐ. అనేది దాన్నే. ఆ రోజే తొమ్మిదిమంది కొత్త బిషప్పులకు అభిషేకం జరిగింది.

గుంటూరు లూథరన్లు, నెల్లూరు బాప్టిస్టులు అందులో చేరలేదు, నేటికీ విడిగానే ఉన్నారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది కూడా ఆనాడు బయటే ఉండిపోయారు. వారిని ఎవరూ బలవంతపెట్టలేదు. 1970ల్లో నంద్యాల అధ్యక్ష మండలం తనంతట తానే వచ్చి కలిసింది.