నర్సమ్మ భయానికి చరిత్ర ఉందా?

మిరపఘాటుకి దగ్గడం నల్లపాడులో మాకు అలవాటే. గుంటూరు యార్డుకి లారీలు నడిచినంతకాలం ఎవరి దగ్గునీ ఎవరూ పట్టించుకోరు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో యార్డు మూతపడింది. ఆ తర్వాత ఏ ఇంట్లో దగ్గు వినపడినా వీధంతా ఉలిక్కిపడేది. మా పక్కవాటాలో ఉండే స్టాఫ్‌నర్సు డ్యూటీ నుంచి వచ్చి, పెరట్లోనే స్నానం చేసి, బట్టలు వేడినీళ్ళలో నానేసి గానీ లోపలికి వెళ్ళేది కాదు. ఆరేళ్ళ కూతురు కిటికీ ఊచలు పట్టుకుని చూస్తుండేది.

"భయంగా లేదా అక్కా?" అని గోడ ఇవతల నుంచి అడిగాను.

"భయం లేకపోతే ఇన్ని జాగ్రత్తలెందుకు పడతాను? నాకొస్తుందని కాదు, దీనికి తెస్తానేమోనని" అంది.

నర్సుల గురించి మనం రాసే భాషలో సేవ ఉంటుంది, త్యాగం ఉంటుంది. ఈ భయం మాత్రం ఉండదు. దేవతలకి భయపడే హక్కు లేదు కదా!

గుంటూరులో ఈ మౌనం పాతదే. 1883లో అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున అన్నా సారా కుగ్లర్ ఇక్కడికి వచ్చింది. ఆమె డాక్టరు. అయినా మొదట అప్పగించింది జెనానాల్లో చదువు చెప్పే పని. వైద్యానికి మిషన్ అనుమతి కోసం ఆమె ఎదురుచూడాల్సి వచ్చింది. 1890లలో ఆమె కృషితో ఆస్పత్రి లేచింది. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసింది. ఆస్పత్రికి ఆమె పేరే నిలిచింది. అది పోరాడి సంపాదించుకున్న పేరు, కాదనను. కానీ ఆమె పక్కన నిలబడి పుళ్ళు కడిగిన, రాత్రిళ్ళు మేలుకున్న తెలుగు నర్సుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? రోగి ఒంటిని తాకడం, మలమూత్రాలు ఎత్తడం మైల అనుకున్న సమాజం మనది. అగ్రకుల స్త్రీలు ఈ వృత్తికి చాలాకాలం దూరంగా ఉన్నారు. తొలితరం నర్సుల్లో ఎక్కువమంది క్రైస్తవ స్త్రీలు. కోస్తా క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులు. మన మరుపులో జెండర్‌తో పాటు కులం కూడా ఉంది.

1918 ఇన్‌ఫ్లుయెంజా ఈ దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువగా పోయారు. ఇంట్లో ఆఖరున తినేదీ, రోగి పక్కన ముందుగా కూర్చునేదీ వాళ్ళే కావడం ఒక కారణమంటారు. జీతంలేని నర్సు ప్రతి ఇంట్లోనూ ఉందన్నమాట. మరి శిక్షణ పొందిన నర్సులు? 1946 నాటి భోర్ కమిటీ లెక్కలో 43,000 మందికి ఒక్కరు!

2018 మే 21న కేరళలో నిపా రోగిని చూసుకున్న నర్సు లిని అదే జబ్బుతో చనిపోయింది. ఐసొలేషన్ గది నుంచి భర్తకి ఆమె రాసిన ఉత్తరాన్ని దేశమంతా వీరగాథగా చదివింది. నాకందులో పిల్లల కోసం ఒక తల్లి బెంగ వినిపించింది.

2020 మార్చి 22 సాయంత్రం అయిదింటికి మనం చప్పట్లు కొట్టాం. ఆ వారంలోనే కేంద్రం ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటించింది. అది చనిపోయాక కుటుంబానికి అందేది. బతికి పనిచెయ్యడానికి కావలసినవి వేరు. సరైన మాస్కు, ఇంటికెళ్ళే ముందు ఉండడానికో గది, నెలసరి రోజుల్లో పీపీఈ కిట్టులో గంటల తరబడి ఇరుక్కోకుండా డ్యూటీ మార్పు, పర్మనెంటు ఉద్యోగం. నర్సు సిద్ధంగా ఉందా అని అడుగుతారు. ఆమె కోసం ఆస్పత్రి సిద్ధంగా ఉందా, ఇల్లు సిద్ధంగా ఉందా అని అడిగేవాళ్ళేరి? భయపడుతూనే రోజూ డ్యూటీకి వెళ్ళిన మనిషిలో సంసిద్ధత లోపమెక్కడుంది?

ఈ వ్యాసం కోసం ఈమధ్య పక్కింటి అక్కని మళ్ళీ కలిశాను. ఓపిగ్గా అన్నీ చెప్పింది. "నీ పేరు రాయనా?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది.

"వద్దులే. ఇంకా కాంట్రాక్టులోనే ఉన్నాను" అంది.